దుబాయ్ డిక్రీ నుంచి లండన్ దావా దాకా: గంజాం, గజపతి, రాయగడ తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం కోర్టులో తెలుగువాళ్ళ కేసులంటే ఒకప్పుడు భూమి తగాదా, చిట్టీ డబ్బు, భార్యాభర్తల గొడవ. ఇప్పుడు అదే గుమాస్తా సంచీలోంచి అరబిక్ ముద్రలున్న కాగితాలు కూడా బయటికొస్తున్నాయి. ఇచ్ఛాపురం దాటితే రాష్ట్రం మారుతుంది గానీ, గల్ఫ్‌కు వెళ్ళే దారీ అక్కడ చేసే అప్పూ అటూ ఇటూ ఒకటే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఛత్రపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు మళ్ళీమళ్ళీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట చేర్చాం. ఇది సాధారణ సమాచారం. మీ కేసు సంగతి మీ కాగితాలు చూస్తేనే తేలుతుంది.

దుబాయ్‌లో బ్యాంకు లోన్ తీసుకుని, ఉద్యోగం పోయాక కట్టలేక వచ్చేశాను. ఇక్కడి ఆస్తి మీదికి రాగలరా?

రాగలరు. చాలామంది "దేశం దాటి వచ్చేశాం కదా, ఏం చేస్తారు" అనే ధీమాలో ఉన్నారు. 2020కి ముందు ఆ ధీమాకు కొంత అర్థం ఉండేది. 2020 జనవరి 17న కేంద్ర ప్రభుత్వం యూఏఈని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఏ కింద పరస్పర గుర్తింపు ఉన్న దేశంగా నోటిఫై చేసింది. అప్పటి నుంచి దుబాయ్, అబుదాబి, షార్జా కోర్టులు ఇచ్చిన డబ్బు డిక్రీని, అంటే ఇంత కట్టాలన్న కోర్టు ఉత్తర్వును, ఇక్కడ మళ్ళీ దావా వేసి గెలవక్కర్లేదు. సర్టిఫైడ్ కాపీని, ఇంకా ఎంత బాకీ ఉందో చెప్పే ఆ కోర్టు సర్టిఫికెట్‌ను నేరుగా మన జిల్లా కోర్టులో పెట్టి, ఇక్కడి డిక్రీ లాగే అమలు చేయమని అడగొచ్చు. గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురమే అయినా జిల్లా జడ్జి కోర్టు బరంపురంలో ఉంది, కాబట్టి ఆ పిటిషన్ వచ్చేది ఇక్కడికే.

అయితే భయపడి ఇల్లు రాత్రికి రాత్రి బావమరిది పేర రాసేయకండి. అప్పులవాళ్ళను ఎగ్గొట్టడానికి చేసిన బదిలీని కోర్టు పక్కన పెట్టగలదు, పైగా మీ నిజాయితీ మీద మచ్చ పడుతుంది. జప్తు అయ్యేది మీ పేరున ఉన్నది, ఉమ్మడి ఆస్తిలో మీకొచ్చే వాటా మాత్రమే. నాన్నగారు సొంతంగా సంపాదించుకున్న ఇల్లు ఆయన బతికుండగా మీ అప్పు కిందకి రాదు. వ్యవసాయం మీద బతికే రైతు, తాను ఉంటున్న ఇల్లు తాకట్టు పెట్టకపోతే, సెక్షన్ 60 కింద దానికి మినహాయింపు కోరవచ్చు. ప్రావిడెంట్ ఫండ్‌కూ రక్షణ ఉంది. జీతంలో కూడా కొంత భాగమే పట్టగలరు.

డిక్రీ కాపీ చేతికొచ్చింది. అందులో ముందు ఏం చూడాలి?

మొత్తం బాకీ అంకె చూసి గుండె పట్టుకోకుండా, ముందు మీ పేరు చూడండి. మన ఇంటిపేరు, తండ్రి పేరు, సొంత పేరు పాస్‌పోర్టులో ఒక వరసలో ఉంటాయి. అవి అరబిక్‌లోకి వెళ్ళి, అక్కడి నుంచి ఇంగ్లీషు అనువాదంలోకి తిరిగొచ్చేసరికి తండ్రి పేరే మీ పేరై కూర్చుంటుంది. పాస్‌పోర్టు నంబరు, ఎమిరేట్స్ ఐడీ నంబరు కలుస్తున్నాయా లేదా పోల్చుకోండి. అనువాదకుడి ముద్ర ఉందా, కోర్టు ముద్ర ఉందా, తుది తీర్పేనా, అప్పీలు గడువు దాటిందా అన్నవి తర్వాత.

అన్నిటికంటే ముఖ్యమైనది, సమన్లు మీకు ఎలా అందాయని తీర్పులో రాశారో చూడటం. ఇక్కడే కేసులు నిలబడతాయి, ఇక్కడే పడిపోతాయి. మీరు ఖాళీ చేసి వచ్చేసిన లేబర్ క్యాంపు గదికి నోటీసు పంపి, ఆ తర్వాత పేపర్లో ప్రకటన వేసి, మీరు రాలేదు కాబట్టి ఎక్స్‌పార్టీ, అంటే మీరు లేకుండానే తీర్పు, అన్నారా? బ్యాంకు దగ్గర మీ ఒడిశా చిరునామా ఉన్నా వాడలేదా? భారత్, యూఏఈ మధ్య సమన్ల అందజేతకు 1999 నుంచే ఒప్పందం ఉంది. ఆ దారి వాడారో లేదో అడిగే హక్కు మీది.

ఎందుకంటే అదే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 13 ప్రకారం విదేశీ తీర్పు కొన్ని సందర్భాల్లో మన దగ్గర చెల్లదు. ఆ కోర్టుకు విచారణాధికారం లేకపోవడం, మంచిచెడ్డలు చూడకుండా తీర్పివ్వడం, ప్రతివాదికి మాట్లాడే అవకాశం ఇవ్వకపోవడం, మోసంతో డిక్రీ పొందడం, అంతర్జాతీయ చట్టాన్ని తప్పుగా అన్వయించడం లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఎక్స్‌పార్టీ తీర్పు అనగానే చెల్లదని కాదు. మీరు లేకపోయినా ఆ జడ్జి బ్యాంకు స్టేట్‌మెంట్లు, సంతకాలు పరిశీలించి కారణాలు రాస్తే తీర్పు నిలబడవచ్చు. అందుకే చివరి ఉత్తర్వు ఉండే ఆపరేటివ్ పార్టు ఒక్క పేజీ తెస్తే సరిపోదు, తీర్పు మొత్తం కావాలి.

గడువు సంగతీ చూడాలి. లండన్ కోర్టు 1995లో ఇచ్చిన డిక్రీని 2009లో ఇక్కడ అమలుకు పెడితే ఆలస్యమైందని కింది కోర్టు కొట్టేసింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మాటనే ఖాయం చేస్తూ, డిక్రీ ఇచ్చిన దేశంలో అమలుకు ఎంత గడువు ఉందో అదే ఇక్కడా లెక్క అని చెప్పింది. కాబట్టి "పన్నెండేళ్ళు ఆగితే పోతుంది" అనే అరుగు మీది సలహా పనికిరాదు.

అప్పు కట్టలేకపోతే జైల్లో వేస్తారా?

అంతర్జాతీయ చట్టం ఒక సామాన్యుడి ఇంటి గుమ్మం దగ్గర ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 11వ అధికరణం ఉంది. ఒప్పందం ప్రకారం కట్టాల్సింది కట్టలేకపోయినంత మాత్రాన ఎవరినీ ఖైదు చేయకూడదని దాని సారం. భారత్ 1979లో ఆ ఒడంబడికలో చేరింది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మాత్రం డిక్రీ బాకీదారుణ్ణి సివిల్ జైలుకు పంపే సెక్షన్ 51 అలాగే ఉంది.

1980లో కొచ్చిన్ బ్యాంకు డిక్రీ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరినప్పుడు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారు. దేశం సంతకం పెట్టినంత మాత్రాన ఒడంబడిక మన కోర్టుల్లో నేరుగా చట్టం అయిపోదని ఒప్పుకుంటూనే, రాజ్యాంగం 21వ అధికరణం వెలుగులో సెక్షన్ 51ను చదివారు. డబ్బు లేక కట్టలేనివాణ్ణి జైలుకు పంపడానికి వీల్లేదు, చేతిలో డబ్బుండీ దురుద్దేశంతో ఎగ్గొడుతున్నాడని తేలితేనే అరెస్టు అని తేల్చారు. ఈ రోజుకీ డిక్రీ అమలు కోరే ఎగ్జిక్యూషన్ పిటిషన్‌లో అరెస్టు వారెంటు అడిగితే మొదట పైకి తీసేది ఆ తీర్పునే.

కాబట్టి నిజంగా చేతిలో లేనప్పుడు, లేదని కాగితాలతో చూపించండి. ఉద్యోగం పోయిన ఉత్తర్వు, వీసా రద్దు, ఇప్పటి ఆదాయం, ఆస్పత్రి ఖర్చులు చూపండి. కొత్త బండి మీద వచ్చి "ఏమీ లేదు సార్" అంటే జడ్జిగారికీ కళ్ళున్నాయి.

రికవరీ ఏజెంటు ఫోన్ చేసి ఇంటర్‌పోల్ రెడ్ నోటీసు వస్తుందంటున్నాడు. నిజమా?

రెడ్ నోటీసు అంటే మనిషి దొరికితే పట్టుకోమని దేశాల పోలీసులను కోరడం. ప్రైవేటు డబ్బు తగాదాలకు దాన్ని ఇవ్వకూడదని ఇంటర్‌పోల్ సొంత నియమాలే చెబుతున్నాయి. నకిలీ జీతం సర్టిఫికెట్ పెట్టి లోన్ తీసుకున్నట్టు క్రిమినల్ కేసుంటే అది వేరే కథ. చెక్కు విషయంలో యూఏఈ తన చట్టాన్ని మార్చుకుంది. 2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బు లేక తిరిగొచ్చిన చెక్కు చాలావరకు సివిల్ వ్యవహారమే. కానీ మళ్ళీ దుబాయ్ ఫ్లైటు ఎక్కాలనుకుంటే ముందు అక్కడి వకీలుతో మీ పేరున కేసు, ట్రావెల్ బ్యాన్ ఉన్నాయేమో కనుక్కోండి. ఎయిర్‌పోర్టులో తెలుసుకోవాల్సిన సంగతి కాదిది.

సౌదీ, ఖతార్, అమెరికా డిక్రీలకూ ఇదే పద్ధతా?

కాదు. ఆ మూడూ సెక్షన్ 44ఏ జాబితాలో లేవు. బ్రిటన్, సింగపూర్, మలేసియా, న్యూజిలాండ్ ఉన్నాయి. జాబితాలో లేని దేశం తీర్పు పట్టుకుని వచ్చినవాళ్ళు ఇక్కడ కొత్తగా దావా వేయాలి, అదీ మూడేళ్ళ లోపు. ఆర్బిట్రేషన్ అవార్డులకు, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పులకు మాత్రం 1958 న్యూయార్క్ ఒప్పందం అనే వేరే దారి ఉంది. జీడిపప్పు, రొయ్యల ఎగుమతి చేసేవాళ్ళు కాంట్రాక్టు చివర్లో "సింగపూర్‌లో ఆర్బిట్రేషన్" అన్న లైను చదవకుండా సంతకం పెడుతుంటారు. గొడవొస్తే సింగపూర్ ఫీజులు కట్టాల్సింది మీరే.

అల్లుడు అమెరికాలో విడాకులు తెచ్చుకున్నాడు. అమ్మాయి బరంపురంలోనే ఉంది. చెల్లుతాయా?

మన సుప్రీంకోర్టు 1991లో ఇలాంటి కేసే తేల్చింది. తిరుపతిలో హిందూ పద్ధతిలో పెళ్ళైన జంట, భర్త మిస్సోరీ రాష్ట్రంలో విడాకులు తెచ్చుకున్నాడు. ఆ డిక్రీ చెల్లదన్నారు. ఏ చట్టం కింద పెళ్ళైందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద, ఆ చట్టం గుర్తించే కోర్టే విడాకులివ్వాలి. రెండో పక్షం అక్కడి కోర్టు అధికారాన్ని ఇష్టపూర్వకంగా ఒప్పుకుని కేసు నడిపితే, లేదా విడాకులకు ఒప్పుకుంటే, అది మినహాయింపు. పెళ్ళి బంధం కోలుకోలేనంతగా చెడిపోయిందన్న కారణం హిందూ వివాహ చట్టంలో లేదు, అమెరికా డిక్రీలు మాత్రం ఎక్కువగా దాని మీదే వస్తాయి.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది మొదటి కాగితం దగ్గర. అక్కడి నుంచి ఈమెయిల్‌లో వచ్చిన ఫారం మీద "ఫార్మాలిటీయే కదా" అని అమ్మాయి చేత సంతకం పెట్టించకండి. ఆ సంతకమే రేపు ఒప్పుకోలు అవుతుంది.

మా అమ్మాయి మనవణ్ణి విదేశం నుంచి తీసుకొచ్చేసింది. పిల్లవాణ్ణి వెనక్కి పంపమంటారా?

పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అందుకని వెనక్కి పంపడం యాంత్రికంగా జరగదు. హైకోర్టు పిల్లవాడి క్షేమం చూసి నిర్ణయిస్తుంది, విదేశీ ఉత్తర్వును పరిగణనలోకి తీసుకుంటుంది. ఒడిశాలో ఉంటే కటక్ వెళ్ళాలి.

సర్టిఫికెట్లకు అపోస్టిల్ వేయిస్తే గల్ఫ్‌లో చాలదా?

దేశాన్ని బట్టి. అపోస్టిల్ అంటే కాగితం అసలైనదేనని ఒప్పంద దేశాలన్నీ ఒప్పుకునే ఒకే ముద్ర. ఆ ఒప్పందం భారత్‌కు 2005 జులైలో అమల్లోకి వచ్చింది. ఒమన్, బహ్రెయిన్ అందులో ఉన్నాయి, సౌదీకి 2022 డిసెంబరు నుంచి వర్తిస్తోంది. యూఏఈకి పోవాలంటే మాత్రం పాత పద్ధతే. రాష్ట్రం ధ్రువీకరణ, విదేశాంగ శాఖ, ఆ తర్వాత ఎంబసీ. ఒడిశా బోర్డు సర్టిఫికెట్‌కు భువనేశ్వర్ వైపు, ఆంధ్ర యూనివర్సిటీ డిగ్రీకి అమరావతి వైపు తిరగాలి. పలాసలో ఇంటర్, బరంపురంలో డిగ్రీ చదివిన పిల్లలు రెండు రాష్ట్రాల చుట్టూ తిరుగుతారు, సరిహద్దు జిల్లాలో పుట్టినందుకు ఇదొక పన్ను. ప్రభుత్వం తీసుకునే ఫీజు స్వల్పం. బిల్లు పెరిగేది మధ్యలో ఉన్న ఏజెంటు దగ్గర.

మా వాళ్ళు సోనాపూర్, గోపాలపూర్ నుంచి వేటకు వెళ్తారు. పొరుగు దేశం నేవీ పట్టుకుంటే ఏ చట్టం?

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు ప్రాదేశిక జలాలు. అక్కడ దొరికితే ఆ దేశ చట్టమే. 12 నుంచి 200 మైళ్ళ వరకు ప్రత్యేక ఆర్థిక మండలి. అక్కడ చేపల కోసం చొరబడితే పడవను ఆపొచ్చు, జరిమానా వేయొచ్చు. అయితే ఆ రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప జైలు శిక్ష వేయకూడదని 73వ అధికరణం చెబుతోంది. తగిన పూచీకత్తు ఇస్తే పడవనూ మనుషులనూ త్వరగా వదలాలి కూడా. కాబట్టి పట్టుకున్న చోటు జీపీఎస్‌లో ఎక్కడన్నది మొత్తం కేసును మారుస్తుంది. పడవ పెద్ద తండేలు గారు ఫోన్లో పెట్టుకున్న ట్రాక్‌ను చెరిపేయకుండా ఒడ్డున ఎవరికైనా పంపి ఉంచడం మంచిది.

బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్ గీత ఎక్కడో 2014 జులైలో హేగ్‌లోని ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ తేల్చింది. వివాదంలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్ళాయి. చట్టం కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా, విడుదలలు చివరికి రెండు ప్రభుత్వాల మాటల మీదే నడుస్తాయి. గుజరాత్ పడవల్లో పనికి వెళ్ళి పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర బయటికొచ్చారు. ఒక ఏడాది పైనే పట్టింది. కుటుంబం చేయగలిగింది వెంటనే చేయాలి. మత్స్యశాఖకు, కలెక్టరుకు రాతపూర్వకంగా పేర్లు, పడవ నంబరు ఇవ్వాలి, పౌరసత్వం నిర్ధారణకు ఆధార్, ఓటరు కార్డు సిద్ధంగా పెట్టుకోవాలి. ఆలస్యం ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

కొటియా గ్రామాల గొడవ, వంశధార నీళ్ళ గొడవ అంతర్జాతీయ కోర్టుకు వెళ్తాయా?

వెళ్ళవు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దేశాల మధ్య కేసులే వింటుంది. రెండు రాష్ట్రాలూ తమదంటున్న కొటియా మీద ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకెళ్ళింది. రాష్ట్రాల మధ్య తగాదాకు రాజ్యాంగంలో 131వ అధికరణం ఉంది. వంశధారకు ట్రిబ్యునల్ వేశారు, నీళ్ళు చెరి సగం అన్నారు. రాష్ట్రాల నదీ జలాల తగాదాల్లో దేశాల మధ్య నదులకు వాడే న్యాయబద్ధమైన పంపిణీ సూత్రాలే కనిపిస్తాయి, కోర్టు మాత్రం వేరు.

నియమగిరి లాంటి చోట నష్టపోయినవాళ్ళు లండన్‌లో కేసు వేయొచ్చని విన్నాం. అక్కడి లా ఫర్మ్‌లు ఫీజు కూడా అడగవట కదా?

సగం నిజం. నియమగిరి మన దేశంలోనే తేలింది. వేదాంతా గ్రూపు కోసం అక్కడ తలపెట్టిన బాక్సైట్ గని ఉండాలా వద్దా అన్నది 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలకు వదిలింది. రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలూ బాక్సైట్ గని వద్దన్నాయి. అదే వేదాంతా గ్రూపుకు చెందిన జాంబియా రాగి గని వల్ల తమ నీళ్ళు పాడయ్యాయని అక్కడి 1,826 మంది గ్రామస్తులు మాత్రం లండన్‌లో మాతృసంస్థ మీద దావా వేశారు. జాంబియాలో జరిగినదానికి లండన్‌లో విచారణ ఏమిటని కంపెనీ వాదించింది. 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు, కేసు ఇక్కడ నడవొచ్చు అంది. 2021లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే రాజీ చేసుకుంది. ఆ తీర్పులో గ్రామస్తులకు కలిసొచ్చిన అంశం ఏమిటంటే, జాంబియాలో అంత పెద్ద కేసును నడిపే డబ్బూ అనుభవమూ ఉన్న వకీళ్ళు వాళ్ళకు దొరకరని కోర్టు నమ్మడం.

ఫీజు సంగతికి వస్తే, అది దానధర్మం కాదు, వ్యాపారం. గెలిస్తేనే ఫీజు అనే పద్ధతి ఇంగ్లండ్‌లో చట్టబద్ధం. వెనక లిటిగేషన్ ఫండ్ అనే పెట్టుబడి కూడా ఉంటుంది. 2015లో బ్రెజిల్‌లో కూలిన గని డ్యామ్ కేసులో ఆరు లక్షల పైచిలుకు మంది తరఫున బీహెచ్‌పీ మీద లండన్‌లో దావా నడిచింది, 2025 నవంబరులో కంపెనీదే బాధ్యత అని తీర్పొచ్చింది. అంతమంది కక్షిదారులను కూడగట్టడానికి ఏళ్ళ తరబడి ఎవరో డబ్బు పెట్టాలి, పెట్టినవాళ్ళు వచ్చేదాంట్లో వాటా తీసుకుంటారు. మీ ఊరికి అలాంటివాళ్ళొచ్చి కాగితం మీద వేలిముద్ర అడిగితే ముందు ఒక్కటి అడగండి: వచ్చేదాంట్లో మాకెంత, మీకెంత?

ఇక్కడి వకీలు కూడా "గెలిస్తే పావలా వంతు" అంటే ఒప్పుకోవచ్చా?

వద్దు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం వకీలు కేసు ఫలితాన్ని బట్టి ఫీజు గానీ, వచ్చే సొమ్ములో వాటా గానీ మాట్లాడుకోకూడదు. ప్రకటనలు ఇవ్వడం కూడా నిషిద్ధం, ఈ పేజీలో ఫోన్ నంబరు వెతుక్కోకండి. యాక్సిడెంటు కేసుల్లో ఆస్పత్రి గేటు దగ్గరే వాటాలు మాట్లాడేవాళ్ళు ఉన్నారని అందరికీ తెలుసు. అందరూ చేస్తున్నారంటే అది సక్రమం అయిపోదు.

విదేశీ లా ఫర్మ్‌లు ఇండియాకు వచ్చేశాయంటున్నారు. మా కేసు వాళ్ళకు ఇవ్వొచ్చా?

కోర్టులో కేసైతే ఇవ్వలేరు. 2018లో సుప్రీంకోర్టు, విదేశీ వకీళ్ళు ఇక్కడ ప్రాక్టీసు పెట్టకూడదు, అప్పుడప్పుడు వచ్చి తమ దేశ చట్టం మీద సలహా ఇచ్చి వెళ్ళొచ్చు అంది. 2023 మార్చిలో బార్ కౌన్సిల్ నియమాలు తెచ్చి, 2025 మేలో సవరించింది. రిజిస్టర్ చేసుకున్న విదేశీ ఫర్మ్‌లు విదేశీ చట్టం, అంతర్జాతీయ చట్టం, అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ పనులు చేయొచ్చు. అదీ మన వకీళ్ళను రానిచ్చే దేశాలవాళ్ళకే. రిజిస్ట్రేషన్ లేకుండా వచ్చిపోయేవాళ్ళకు 12 నెలల్లో 60 రోజులే. మన కోర్టు మెట్లు ఎక్కడం, భూమి దస్తావేజులు చూడటం వాళ్ళ పని కాదు.

వాళ్ళ గురి మీ కేసు మీద లేదు కూడా. కంపెనీల కొనుగోళ్ళు, ఆర్బిట్రేషన్లు, విదేశీ పెట్టుబడులు గంటల లెక్కన బిల్లు వేసే పనులు. ఇక్కడ వాయిదాకు ఇంత అని తీసుకునే ప్రాక్టీసుకు వాళ్ళతో పోటీయే లేదు.

పెద్ద ఫర్మ్ అయితే ఎవరికీ లొంగదు, ధైర్యంగా వాదిస్తుంది కదా?

2025లో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. ట్రంప్ ప్రభుత్వం కొన్ని పెద్ద ఫర్మ్‌ల మీద ఆంక్షల ఉత్తర్వులు ఇచ్చింది. నాలుగు ఫర్మ్‌లు కోర్టుకెళ్ళాయి, నాలుగింటి విషయంలోనూ వాషింగ్టన్ జిల్లా జడ్జీలు ఆ ఉత్తర్వులను కొట్టేశారు. మరో తొమ్మిది మాత్రం దాదాపు 94 కోట్ల డాలర్ల విలువైన ఉచిత సేవలకు ఒప్పుకుని రాజీపడ్డాయి. క్లయింట్లు ఎక్కువున్న ఫర్మ్‌కు పోగొట్టుకునేదీ ఎక్కువే.

మా అబ్బాయి లా చదువుతానంటున్నాడు. అంతర్జాతీయ చట్టంలో భవిష్యత్తు ఉందా?

బరంపురంలో ఈ ప్రశ్న అడిగితే వి.వి. గిరి గారిని తలుచుకోకుండా ఉండలేం. 1894లో ఇదే ఊళ్ళో పుట్టి, డబ్లిన్‌లో లా చదివి, రైల్వే కార్మికుల్లో పనిచేసి, 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సదస్సుకు కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. రాష్ట్రపతి కావడం తర్వాతి మాట.

ఇప్పుడైతే విశాఖ, కటక్ జాతీయ లా యూనివర్సిటీల్లో సీటొస్తే పెద్ద ఫర్మ్‌ల దారి సులువు. రాకపోయినా బరంపురంలోని లింగరాజ్ లా కాలేజీలో చదివి, గల్ఫ్ డిక్రీలు, సముద్ర చట్టం, ఎగుమతి కాంట్రాక్టులు నేర్చుకున్నవాడికి ఈ తీరంలో పని కరువు ఉండదని నా నమ్మకం. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ చదివి రాయగలిగితే ఇంకా మేలు. అరబిక్ అక్షరాలు కూడబలుక్కునేవాడికి తిరుగే లేదు.

వచ్చిన నోటీసుకు ఏఐతో జవాబు రాయించి పంపేయొచ్చా?

నోటీసులో ఏముందో అర్థం చేసుకోవడానికి వాడుకోండి. పంపడానికి వద్దు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు వకీళ్ళు చాట్‌జీపీటీ పుట్టించిన లేని తీర్పులను కోర్టులో పెట్టి, ఫర్మ్‌తో కలిపి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. చదువుకున్న వకీళ్ళకే అలా అయితే మీ సంగతి చెప్పాలా? పైగా జవాబులో "బాకీ ఉన్న మాట నిజమే గానీ" అని మర్యాదకు రాసిన ఒక్క వాక్యం మీ మీదే సాక్ష్యం అవుతుంది.

వకీలు దగ్గరికి మొదటిసారి వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి?

పాత, కొత్త పాస్‌పోర్టులు, వీసా పేజీలు, లోన్ కాగితాలు, కంపెనీ ఇచ్చిన ఉత్తర్వులు, బ్యాంకుతో నడిచిన ఈమెయిళ్ళు, వాట్సాప్ మెసేజీలు. తెలుగులో ఉన్న దస్తావేజులకు అనువాదం కావాలి, ఇక్కడి కోర్టు ఒడియా, ఇంగ్లీషుల్లో నడుస్తుంది. నోటీసు వచ్చిన కవరు కూడా తీసుకెళ్ళండి. నోటీసు ఎప్పుడు వచ్చిందో చూపడానికి దాని మీది పోస్టు ముద్ర పనికొస్తుంది, జనం మొదట పారేసేదీ ఆ కవరునే.